వదిన ఫ్రిజ్, నా రిపోర్టు

మార్చి 2

లోన్ ఇవ్వరట. నాకు.

బ్యాంకు ఆఫీసరు మర్యాదస్తుడే. "సిస్టం ఒప్పుకోవడం లేదు మేడమ్" అన్నాడు. ఆ సిస్టం ఎవరో పిలవండి, నేనే మాట్లాడతాను అన్నాను. నవ్వి, టేబుల్ మీది కాగితం నా వైపు తిప్పాడు. స్కోరు ఆరు వందల పదకొండు. కనీసం ఏడు వందలు దాటాలట. పరీక్షేమీ రాయకుండానే ఫెయిలయ్యాను.

"మీ క్రెడిట్ రిపోర్టు ఎప్పుడైనా చూసుకున్నారా?" అని అడిగాడు. నా గురించి రాసింది నేనెందుకు చూసుకోవాలి, నాకు నేను తెలియదా అన్నాను. వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వుకోనీ.

ఓనరు ఇచ్చిన గడువు ముప్పై ఒకటి. ఆయనకి మోకాళ్ళు పోయాయి, ఇస్త్రీ షెడ్డు ఇచ్చేసి కూర్చుంటానంటున్నాడు. నాలుగు ఆవిరి ప్రెస్సులు, బాయిలరు, మూడు హోటళ్ళ దుప్పట్ల కాంట్రాక్టు. డబ్బు తెస్తే నాకు. తేకపోతే పక్క వీధి లాండ్రీవాడికి. వాడు తెచ్చే యంత్రం ఒకవైపు తడిబట్ట వేస్తే రెండోవైపు మడత పెట్టి ఇస్తుందట. దానికి మనుషులు ఇద్దరు చాలు. మేం పదిమందిమి.

పన్నెండేళ్ళు ఆ ఆవిరి పీల్చాను. సిస్టం ఎవడు వద్దనడానికి.

మార్చి 3

ఏడాదికి ఒకసారి ఎవరి రిపోర్టు వాళ్ళకి ఉచితంగా ఇవ్వాలట. అడిగినవాళ్ళకే. నేను అడిగాను.

మార్చి 5

తమ్ముడు వాళ్ళ కొరియర్ ఆఫీసులో ప్రింటు తీసి తెచ్చాడు. పదహారు పేజీలు. "అక్కా, నీ మీద పుస్తకమే వేశారు" అన్నాడు. వాడికి ప్రతిదీ వేళాకోళమే.

బాయిలరు వేడెక్కడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో చదివాను. మొదటి పేజీ పేరు, పుట్టిన తేదీ, అడ్రసు. సరిగ్గానే ఉన్నాయి. తర్వాత అప్పులు. పద్నాలుగు. ఇద్దరు పిల్లలున్న తల్లిని కూడా వాళ్ళు అన్నిసార్లు పిలిచి ఉండరు, నా పేరు అన్నిసార్లు ఉంది అందులో.

కుట్టుమిషను. టీవీ. ఫోను. ఫోను. సైకిలు. ఫ్రిజ్. మంచం. ఇంకో ఫోను. గ్యాసు పొయ్యి. కూలరు. చదువుతుంటే ఒక్కొక్కళ్ళ మొహం కనబడింది. వీటిలో ఒక్కటీ నా ఇంట్లో లేదు. షెడ్డులో మొదట జీతం స్లిప్పు, అడ్రసు కాగితం ఉన్నది నాకే. మిగతావాళ్ళకి చేతికి ఇచ్చేవాడు ఓనరు. ఎవరికి ఏం కావాలన్నా షాపుకి నేను వెళ్ళి సంతకం పెట్టేదాన్ని. వాళ్ళు నెల నెలా నా చేతికి వాయిదా ఇచ్చేవాళ్ళు, నేను కట్టేదాన్ని. కాగితాలక్క అని పేరు పెట్టారు నాకు. నాలుగేళ్ళ నుంచి అందరికీ జీతం బ్యాంకులోనే పడుతోంది, అయినా అలవాటు పోలేదు. సంతకం అంటే నేనే.

గర్వంగా ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. పద్నాలుగు వస్తువులు తొమ్మిది ఇళ్ళలో నా పేరుతో నడుస్తున్నాయి. రిపోర్టు మాత్రం దాన్ని వేరేగా చెబుతోంది. కనబడ్డ ప్రతి అప్పుకీ చెయ్యి చాచే మనిషి అన్నట్టు.

తప్పు ఒకటి దొరికింది. కుట్టుమిషను అప్పు తీరిపోయి ఐదేళ్ళు. ఇందులో ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తోంది, వాయిదాలు ఆగిపోయాయని కూడా రాశారు. తీరిపోయినట్టు ఇచ్చిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. వదలను.

ఇంకొకటి. ప్రతి అప్పు కింద నెలకి ఒక గడి ఉంటుంది. సమయానికి కడితే సున్నాలు. ఆలస్యమైతే ఎన్ని రోజులో అంకె. పేజీల నిండా సున్నాలే, నా కళ్ళు చల్లబడ్డాయి. ఫ్రిజ్ దగ్గర మాత్రం జూన్ ముప్పై, జూలై అరవై, ఆగస్టు తొంభై. సెప్టెంబరు నుంచి మళ్ళీ సున్నాలు. మూడేళ్ళు కాలేదు ఇది జరిగి.

ఫ్రిజ్ అంటే మా ఫ్రిజ్ వదిన. చుట్టరికమేమీ లేదు, నా పక్క ప్రెస్సు ఆమెది. నా పేరు మీద కొన్న మొదటి ఫ్రిజ్ ఆమెదే కాబట్టి ఆ పేరు.

తమ్ముడు గడి మీద వేలు పెట్టి, "ఈ మూడు నెలలూ అమ్మ ఆసుపత్రిలో కదక్కా ఉంది?" అన్నాడు.

అమ్మకీ ఫ్రిజ్‌కీ ఏం సంబంధం రా అన్నాను. ఆ వానాకాలం నాకు సరిగా గుర్తులేదు.

మార్చి 6

కుట్టుమిషను మీద ఫిర్యాదు పెట్టాను. ఉత్తరం ఫొటో తీసి పంపించాను. ముప్పై రోజుల్లో తేలుస్తారట. ముప్పై రోజులంటే నా గడువు దాటిపోతుంది. రోజూ ఫోన్ చేస్తాను, విసుగొచ్చి అయినా తేలుస్తారు.

వదిన మూడు నెలలు కట్టలేదు నాకు. చెప్పను కూడా చెప్పలేదు. తన వల్లే ఇప్పుడు అందరం రోడ్డున పడేలా ఉన్నాం.

మార్చి 7

మాట్లాడలేదు. పక్క ప్రెస్సే, అయినా.

మార్చి 8

మాట్లాడాను.

దుప్పట్లు దించుతుండగా అందరి ముందే అన్నాను. "నా పేరు వాడుకున్నప్పుడు తియ్యగా ఉంది, వాయిదా ఇవ్వడానికి చేతులు రాలేదా?" అని. ప్రెస్సులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. వదిన దుప్పటి కొస పట్టుకునే అడిగింది, "ఏ నెల ఇవ్వలేదు నేను?"

జూన్, జూలై, ఆగస్టు అన్నాను. కాగితం తీసి ఊపాను కూడా. ఆమెకి అంకెలు తెలుసు, చదువు అంతగా రాదు. తీసుకుని చూసింది. కోపం రాలేదు ఆమెకి, అదే నాకు ఒళ్ళు మండించింది. తప్పు చేసినవాళ్ళకే అంత నిదానం ఉంటుంది అన్నాను.

"రేపు డ్యూటీ అయ్యాక మా ఇంటికి రా" అంది.

"నేనెందుకు రావాలి?"

"నువ్వే కదా లెక్క అడిగావు. లెక్క మా ఇంట్లో ఉంది."

మార్చి 9

వెళ్ళాను.

ఒక గది, అందులోనే పొయ్యి, మూల ఫ్రిజ్. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య ఒక స్టూలు. వదిన ఆ స్టూలు లాగి, "వంగి చూడు" అంది.

ఫ్రిజ్ పక్కరేకు మీద పెన్సిలుతో గీతలు. పద్దెనిమిది. ఒక్కో గీత పక్కన తేదీ. నాకు గుర్తొచ్చింది. డబ్బు ఇచ్చినప్పుడల్లా, నాకు రాయడం రాదు నువ్వే రాసిపెట్టు అని పెన్సిలు ఇచ్చేది. జీతం రోజున నేను ఇటు వచ్చి వాయిదా పట్టుకుపోయేదాన్ని. తేదీలన్నీ నా చేతిరాతే. తొమ్మిదికి తోక పొడుగ్గా లాగుతాను నేను, ఆ తోకతో సహా.

జూన్ 3. జూలై 3. ఆగస్టు 2.

ఆగస్టులో ఒకరోజు ముందే ఇచ్చింది.

వదిన మంచినీళ్ళు ఇచ్చింది. ఆ ఫ్రిజ్‌లోవే. తాగి వచ్చేశాను.

మార్చి 10

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 11

రెండు వందల నలభై దుప్పట్లు, మూడు వందల దిండు గలేబులు. బాయిలరు వాల్వు కారుతోంది.

మార్చి 13

రాస్తాను. ఎవరికి భయం.

అమ్మ ఆసుపత్రిలో చేరింది మే నెల ఆఖర్న. నా జీతం ఒక్క వారం మందులకి సరిపోయింది. తమ్ముడు అప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాడు, వారానికో ఫోను తప్ప వాడి నుంచి ఏమీ రాలేదు. జూన్ 3న వదిన ఇచ్చిన వాయిదా జాకెట్లో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. దారిలోనే కట్టేసి ఉండాల్సింది. నర్సు చీటీ ఇచ్చింది. కింద మందుల షాపు. డబ్బు తీసిచ్చాను. రెండు రోజుల్లో సర్దుతాననుకున్నాను. జూలైలో కూడా అలాగే అనుకున్నాను. ఆగస్టులో అనుకోవడం కూడా మానేశాను.

అమ్మ పోయాక, సెప్టెంబరులో, గాజులు అమ్మి మూడు వాయిదాలూ జరిమానాతో కట్టేశాను. ఎవరికీ తెలియలేదు. ఎవరికీ తెలియలేదు కాబట్టి జరగలేదు అనుకున్నాను. ఆ గాజులు ఎందుకు అమ్మావని అడిగినవాళ్ళకి కర్మకాండ ఖర్చు అని చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నానేమో.

రిపోర్టు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. అదీ అందరి ముందు, వదిన మొహం మీద.

సిగ్గుగా ఉంది. అమ్మకి మందు కొన్నందుకు కాదు. దానికి ఈ జన్మలో సిగ్గుపడను. సిస్టం వచ్చి నా ఎదురుగా కూర్చున్నా అదే చెబుతాను. సిగ్గు వదినని దొంగని చేసినందుకు.

ఇంకో సంగతి కూడా కనబడింది ఇవాళ, మళ్ళీ ఆ పదహారు పేజీలు తిరగేస్తే. ఆ సున్నాలన్నీ చూసి మొన్న కళ్ళు చల్లబడ్డాయని రాశాను కదా. ఒక్క సున్నా నాది కాదు. అన్నీ వాళ్ళవి. టీవీ వాళ్ళది, సైకిలు వాళ్ళది, కూలరు వాళ్ళది. మొత్తం పుస్తకంలో నాదంటూ ఉన్నవి మూడే గళ్ళు. ముప్పై, అరవై, తొంభై.

మార్చి 14

తమ్ముడు ఉపాయం చెప్పాడు. ఫిర్యాదు ఫారంలో "ఈ అప్పు నాది కాదు" అని ఒక గడి ఉందట. ఫ్రిజ్‌కి ఎదురుగా అక్కడ టిక్కు పెడితే మచ్చ పోవచ్చట.

"నీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అన్నాడు.

"లేదు."

"మరి అబద్ధమెలా అవుతుంది? నీది కాదు కాబట్టి కాదంటున్నావు."

వాడి బుర్ర ఇలాంటివాటికి బాగా పనిచేస్తుంది. నేనూ ఒక గంట ఆలోచించాను, ఆలోచించలేదని ఎందుకు రాయాలి. ఫోను చేతిలో పట్టుకుని ఆ గడి దాకా వెళ్ళాను. నాది కాదంటే మరి ఎవరు తీసుకున్నారని వెతుకుతారు. షాపువాడు ఫ్రిజ్ దింపిన అడ్రసు వదినది. నా కాగితాలు దొంగిలించి కొన్నదని ఆమె పేరు రాస్తారు. మొన్న నోటితో చేసిన పని ఈసారి టిక్కుతో చేసినట్టవుతుంది.

ఫోను తమ్ముడికిచ్చి, పద్నాలుగూ నావే అన్నాను. మచ్చతో సహా.

"షెడ్డు పోతుంది అక్కా."

"పోతే పోనీ. నువ్వు ఆ వానాకాలం నాలుగు డబ్బులు పంపించి ఉంటే ఆ గడిలో సున్నా ఉండేది."

మొదటిసారి వాడు వేళాకోళం చెయ్యలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అనకుండా ఉండాల్సిందేమో. అన్నాను, అంతే.

మార్చి 16

అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాను. ప్రెస్సులు ఆపమన్నాను. వదిన ప్రతి వాయిదా సమయానికి ఇచ్చింది, మూడు నెలలు దాన్ని వాడుకున్నది నేను, తర్వాత కట్టాను, కానీ మొన్న అన్న మాట తప్పు అన్నాను.

కూలరావిడ, "మా డబ్బు కూడా ఎప్పుడైనా వాడావా?" అంది. లేదన్నాను. "చెప్పి వాడుకుంటే ఇచ్చేవాళ్ళం కదే" అంది. ఆ మాటకి తల కొట్టేసినట్టయింది.

వదిన అంతా విని, "అయిందా?" అని ప్రెస్సు మూత దించింది. బుసబుసమని ఆవిరి. మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పింది. "మీ అమ్మకని తెలుసు నాకు."

"ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే. షాపువాడు మా ఇంటికొచ్చి అడిగాడు, వాయిదా రాలేదని. వస్తుందిలే పొమ్మన్నాను."

దాదాపు మూడేళ్ళు నోరు విప్పలేదు ఈ మనిషి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎందుకు అడగలేదు మరి అన్నాను.

"మీ అమ్మ పోయింది కదా, ఎలా అడగను? తర్వాత నువ్వే చెబుతావనుకున్నాను. నువ్వేమో చెప్పకపోగా తిట్టావు." తన డబ్బా మూత పెట్టేసింది. "తిట్టింది మాత్రం నేను మర్చిపోను."

మర్చిపోవద్దు అన్నాను.

మార్చి 18

వదిన కూడా తన రిపోర్టు తీయించమంది. తనకీ ఒకటి ఉచితమే కదా అని. ఏ అప్పూ లేని నీకెందుకన్నాను. "నా గురించి ఏం రాశారో చూద్దామని" అంది.

తీయించాను. పేరు ఉంది, పుట్టిన తేదీ ఉంది. కింద ఏమీ లేదు. అప్పుల చరిత్ర లేదు, స్కోరు లేదు.

"ఏం రాశారు?"

"ఏమీ రాయలేదు."

"పద్దెనిమిది నెలలు కట్టాను. తర్వాత ఫోనుకి పన్నెండు, మంచానికి పది. అవెక్కడ?"

నా పదహారు పేజీలు తీసి చూపించాను. ఇవిగో అన్నాను. ఇంతకంటే సిగ్గుపడ్డ రోజు నాకు లేదు. నేను సాయం చేశానని పన్నెండేళ్ళు మురిసిపోయాను. వాళ్ళ మంచితనమంతా నా ఖాతాలో జమ అయి కూర్చుంది. వాళ్ళ కాగితాలు తెల్లగా ఉన్నాయి.

వదిన ఆ ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "మచ్చ కూడా లేదుగా" అంది.

మార్చి 20

లోను వదిన పేరు మీద అడుగుదామని ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. ఆఫీసరు వదిన కాగితాలు చూశాడు. నాలుగేళ్ళ జీతం ఖాతాలో నెల తప్పకుండా పడింది. మొదటిసారి అప్పు అడిగేవాళ్ళకి కొంచెమే ఇస్తామన్నాడు. నేను అడిగినదానిలో సగం కంటే తక్కువ.

ఇద్దరి పేర్ల మీదా కలిపి ఇస్తే పెరుగుతుందా అని అడిగాను.

"మీ పేరు కలిపితే అసలు రాదు మేడమ్."

మర్యాదగానే అన్నాడు. చెంప మీద కొట్టినా అంత మర్యాదగా కొట్టేవాడేమో.

మార్చి 21

ఓనరు గొణిగాడు, చేతులు తిప్పాడు, ఒప్పుకున్నాడు. ఆ డబ్బుకి రెండు ప్రెస్సులు, బాయిలరు, రెండు హోటళ్ళు. మిగతావి లాండ్రీవాడికి. రెండు ప్రెస్సుల మీద పదిమందికి పనెలా అంటే, వదిన అక్కడికక్కడే, "పొద్దున ఐదుగురు, మధ్యాహ్నం ఐదుగురు. ప్రెస్సుకేం నిద్రొస్తుందా?" అంది. ఇన్నేళ్ళూ ఈమె నోట్లో ఇన్ని మాటలు ఎక్కడ దాచుకుందో.

మార్చి 24

కుట్టుమిషను అప్పు తీరినట్టు దిద్దారు. పద్దెనిమిది రోజుల్లో, పదకొండు ఫోన్ల తర్వాత. స్కోరు ఆరు వందల నలభై ఎనిమిది. నా లోనుకి ఇది చాలదు. అయినా పెట్టిన ఫిర్యాదు గెలిచాను. తప్పు వాళ్ళదైనప్పుడు దిద్దించుకున్నాను, నాదైనప్పుడు ఉంచుకున్నాను.

కూలరావిడా, సైకిలావిడా వచ్చి మా రిపోర్టులు కూడా తీయించు అన్నారు. తీయిస్తాను, కానీ ఇకనుంచి ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలి అన్నాను. షాపుకి తోడు వస్తాను, అంతే. కాగితాలక్క ఉద్యోగానికి రాజీనామా.

మార్చి 27

వదిన షరతులు పెట్టింది. షెడ్డు అద్దె కాగితం తన పేరు మీదే. హోటళ్ళ కాంట్రాక్టు తన పేరు మీదే. హోటళ్ళతో మాట్లాడటం, లెక్కలు రాయడం నేను. ప్రతి నెలా లోను వాయిదాలో నా వాటా మూడో తేదీకల్లా తన చేతిలో పెట్టాలి.

"ఒక్కరోజు దాటినా అందరి ముందే అడుగుతాను" అంది.

అంతా విని, నేను పన్నెండేళ్ళుగా ఇస్త్రీలో నీకంటే సీనియర్ని అన్నాను. "సీనియర్వే. రిపోర్టులో కూడా" అంది.

గొంతు దాకా ఒక మాట వచ్చింది. మింగేశాను. నేను మాట మింగడం ఈ షెడ్డులో ఎవరూ చూడలేదు ఇంతవరకు. కష్టంగా ఉంది. ఆమె ఓనరమ్మ, నేను ఆమె దగ్గర పనిచేసే మనిషి. రాసి చూసుకున్నాను, రాస్తే ఏమీ కాలేదు. ప్రెస్సు ముందు రేపు కూడా నేనే నిలబడతాను, పదిమందీ నిలబడతారు. లాండ్రీవాడు ఆ యంత్రాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగనీ.

మార్చి 30

సంతకాల రోజు. ఆఫీసరు గది తలుపు దగ్గర, "మీరు బయట కూర్చోండి మేడమ్, ఇది లోన్ తీసుకునేవాళ్ళతో మాట్లాడేది" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నేను లోపల సంతకం పెడుతుంటే వదిన కూర్చున్న బెంచీలు ఇలాంటివే అయ్యుంటాయి. గంటసేపు గట్టి చెక్క మీద కూర్చోవడం అంత తేలికేం కాదు.

బయటికి వచ్చింది. వేలికి ఇంకు. చేతిలో నాలుగు పేజీలు. "చదివిపెట్టు" అంది. పెద్దగా చదివాను. ఆమె పూర్తి పేరు నాలుగుచోట్ల ఉంది. నాలుగుసార్లూ ఆగమని, మళ్ళీ చదవమంది.

"నీ పేరెక్కడుంది?"

"లేదు."

"సరిగ్గా చూడు."

చూశాను. వెనక్కి తిప్పి కూడా చూశాను. "ఎక్కడా లేదు వదినా."

తల ఊపింది. మెట్లు దిగాం. దారంతా ఆ కాగితాలు చేత్తోనే పట్టుకుని నడిచింది. సంచిలో పెట్టుకో, చెమటకి నలిగిపోతాయి అన్నాను.

"నలిగితే ఇస్త్రీ చేసుకుంటాలే" అంది.